స్క్రీన్ చూడనక్కర్లేని మిక్సర్

2023 మొదట్లో, మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్న రోజుల్లో జరిగింది ఇది. కామారెడ్డిలో స్టేషన్‌కు పోయే దారిలో మాకు సౌండ్ సామాను దుకాణం ఉంది. మా ఆయన రాజేందర్ ఫంక్షన్ హాళ్లలో, గుళ్లలో స్పీకర్లు బిగించే పని మీద బయట తిరుగుతాడు. దుకాణంలో కూర్చునేది, రిపేర్లు చేసేది నేను. నిజామాబాద్ ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివాను. సోల్డరింగ్ ఐరన్ పట్టి అప్పటికి పదిహేడేళ్లు. మొదట్లో కౌంటర్ వెనక ఆడమనిషిని చూసి "సేటు లేడా?" అని అడిగేవాళ్లు. తర్వాత తర్వాత మద్నూర్, బిచ్కుంద నుంచి వచ్చే డీజేలు కూడా నేరుగా "సరితక్కా, ఈ ఛానల్ల గరగర వస్తున్నది, జర చూడు" అంటూ మిక్సర్ ఎత్తి నా ముందు పెట్టడం అలవాటైంది.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇప్పుడు డీజేలందరూ పాటలు ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుంటారు. కానీ వేలమంది ముందు మౌస్ పట్టుకుని పాట మార్చడం కష్టం. అందుకని మిడి ఉన్న మిక్సర్ అడుగుతారు. మిడి తీగలో పాట ప్రయాణం చేయదు, కబురు మాత్రమే వెళ్తుంది. ఏ బటన్ నొక్కావు, ఏ నాబ్ ఎంత తిప్పావు అన్న కబురు. అది అందుకుని ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ పాటను మారుస్తుంది. ఏ బటన్‌కు ఏ పని అని ముందే అప్పజెప్పి పెట్టుకోవడాన్ని మ్యాపింగ్ అంటాం.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి చూడడానికి మిక్సర్‌లాగే ఉంటుంది కానీ ల్యాప్‌టాప్ ఆగిందంటే అది ఉత్త డబ్బా. రెండోది అసలు మిక్సరే, దానికి మిడి అదనం. ల్యాప్‌టాప్ మొరాయించినా మైకు పనిచేస్తుంది, ఫోన్ తగిలించి పాట నడిపించుకోవచ్చు. బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, నడిరోడ్డు మీద ఉండగా పాట ఆగితే జనం ఊరుకోరు కాబట్టి, నన్నడిగితే రెండోదే కొనమంటాను.

ఎల్లారెడ్డి నుంచి మహేశ్ వచ్చింది ఒక మధ్యాహ్నం. ముప్పై ఏళ్లుంటాయి. మోటార్ సైకిల్ మీద వచ్చాడు. సొంత డీజే బండి ఉందని, పదేళ్లుగా ఇదే పని అని చెప్పాడు.

"అక్కా, మిడి ఉన్న మిక్సర్ గావాలె. ల్యాప్‌టాప్ దిక్కు సూడకుంటనే పని మొత్తం అయిపోవాలె" అన్నాడు.

"మొత్తమంటే?"

"పాట ఎంచుడు, లోడ్ చేసుడు, స్పీడు, లూపు, అన్ని. మౌస్ ముట్టొద్దు, స్క్రీన్ సూడొద్దు."

ఇలా అడిగిన డీజేని నేను అంతకుముందు చూడలేదు. అయినా అడిగింది చూపించడమే నా పని కదా. కొత్తగా వచ్చిన మోడల్ ఒకటి ముందు పెట్టాను. దాని మీద వేలితో రాసే టచ్ పట్టీ ఉంది. మహేశ్ దాన్ని ఒకసారి తడిమి పక్కకు జరిపాడు. రెండో దానికి రబ్బరు బటన్లు రెండు వరుసలు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"అన్ని ఒక్క తీరుగ ఉన్నయి. ఏది ఏందో ఎట్ల తెల్వాలె?"

"రంగు రంగుల లైట్లు వెలుగుతయి గదా తమ్మీ."

"లైట్లు నేనేం జేస్కోను అక్కా" అన్నాడు నవ్వుతూ.

మా దగ్గరికొచ్చే ప్రతి డీజే ముందు అడిగేది లైట్ల గురించే. ఇతనికి అవి అక్కర్లేదు. చివరికి రెండేళ్లుగా అమ్ముడుపోకుండా ఉన్న నాలుగు ఛానళ్ల మిక్సర్ ఒకటి అరలోంచి దించాను. మిడి ఉన్నదే, కానీ పాత తరహా బరువైన యంత్రం. నాబ్‌లు ఎత్తుగా, దూరం దూరంగా ఉంటాయి. మధ్యకు తిప్పగానే టక్కున ఆగినట్టు చేతికి తెలుస్తుంది. పాటల జాబితా కోసం ఆపకుండా తిరిగే నాబ్ ఒకటి ఉంది, దాన్నే కిందికి నొక్కితే పాట లోడవుతుంది. మహేశ్ కళ్లు మూసుకుని పది వేళ్లతో దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమాడు. "ఇదే" అన్నాడు.

నేను ఒక్క షరతు పెట్టాను. మాస్టర్ నాబ్‌ను, అంటే మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే దాన్ని, మిడికి అప్పజెప్పనని చెప్పాను. సాఫ్ట్‌వేర్ ఇరుక్కుపోయినప్పుడు కూడా శబ్దం మన చేతిలో ఉండాలంటే అది మిక్సర్‌లోనే ఉండిపోవాలి. సరేనన్నాడు.

ఆ రోజు రెండు సంగతులు నా కంట పడ్డాయి కానీ నేను వాటిని కలిపి చూసుకోలేదు. చాయ్ గ్లాసు అతని కుడి పక్క నుంచి అందిస్తే చాలాసేపు తీసుకోలేదు. ముందుకు తెచ్చి చూపిస్తే "అయ్యో, సూడలే అక్కా" అన్నాడు. వెళ్లేటప్పుడు తలుపు పక్కనున్న స్టూలు తన్నుకుని పడబోయాడు. పరధ్యానం మనిషి అనుకున్నాను. వారంటీ కార్డు మీద తన నంబరుతో పాటు భార్య లావణ్య నంబరు కూడా రాసిచ్చాడు.

మ్యాపింగ్ కోసం నాలుగు రోజుల తర్వాత ల్యాప్‌టాప్ తీసుకుని మళ్లీ వచ్చాడు. ఆ పని ఓపికగా చేయాలి. ఒక్కో నాబ్ తిప్పి, సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తించాక పని అప్పజెప్పాలి. మహేశ్ పాటలన్నీ ఫోల్డర్లుగా వరుసలో పెట్టుకున్నాడు. ఏ ఫోల్డర్లో ఎన్నోది ఏ పాటో నోటికి వచ్చు. హెడ్‌ఫోన్లో మొదటి దెబ్బ వినగానే పాట పేరు చెప్పేస్తున్నాడు. "ఈ రెండు నాబుల మీద చేతికి తగిలేటట్టు చుక్క పెడ్తరా అక్కా?" అని అడిగితే గట్టిపడే జిగురుతో చుక్కలు పెట్టాను. తెలివైనవాడే అని మెచ్చుకున్నాను కూడా.

పని పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. చలికాలం, ఆరు కాకముందే వెలుతురు పలచబడింది. అంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఆ వారం రిపేరుకు వెళ్లింది. నాకేమీ ఇబ్బంది లేదు, బయట రోడ్డు మీద ఇంకా వెలుతురుంది, దుకాణంలో వస్తువులన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. మహేశ్ మాత్రం కూర్చున్నచోటే బిగుసుకుపోయాడు. రెండు చేతులూ కౌంటర్ అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"అక్కా, ఎక్కడున్నరు?"

నేను అతనికి రెండడుగుల దూరంలో, ఎదురుగా నిలబడి ఉన్నాను.

సెల్‌ఫోన్ లైటు వేసి అతని ముఖం మీద కాకుండా పక్కన పట్టుకున్నాను. అతను దానివైపు తిరగలేదు.

"మహేశ్, నీకు కనవడతలేదా?"

కౌంటర్ అంచు వదలకుండానే చెప్పాడు. రెండేళ్ల కిందట బరాత్‌లో వైరు తట్టుకుని పడితే అనుమానమొచ్చి హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రికి వెళ్లాడట. కంటి వెనక పొర ఎండిపోతోందని, చూపు పక్కల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, చీకట్లో ముందే పోతుందని డాక్టర్ చెప్పాడు. మందు లేదు. ఎన్నాళ్లలో మొత్తం పోతుందో కచ్చితంగా చెప్పలేమన్నారు.

"పైపులకెళ్లి సూసినట్టు ఉంటదక్కా. రోజు పొద్దుగాల లేవంగనే రెండు చేతులు చెవుల పక్కకు పెట్టి ముంగటికి తెస్తుంట, ఎక్కడ కనవడతయో అని. మొన్నటిదాక కొంచెం పక్కకుండంగనే కనవడుతుండె. ఇప్పుడు ముక్కు ముంగటికి తేవాలె."

"ఇంట్ల ఎర్కనా?"

"లేదు. లావణ్యకు చెప్తే ఆగమైతది. బిడ్డకు నాలుగేండ్లు. బయట తెలిస్తే గుడ్డోనికి ఎవలు ఆర్డరిస్తరు? గందుకే ఈ మిక్సర్. మొత్తం పోయేలోపట చేతులకు నేర్పుకుంటె, ఎవ్వలకు తెల్వకుంటనే వాయించుకోవచ్చు."

అప్పుడర్థమైంది నాకు నాలుగు రోజులుగా నేనేం చేస్తున్నానో. ఒక మనిషి తన చూపు పోతోందన్న సంగతి దాచుకోవడానికి పనికొచ్చే యంత్రాన్ని, ఒక్కో నాబ్‌గా నేనే అమర్చి పెట్టాను.

అతను లేచి జేబులోంచి బైకు తాళంచెవి తీశాడు. తాడ్వాయి, లింగంపేట దాటి, మధ్యలో అడవి దాటి ఎల్లారెడ్డికి పోవాలి. నలభై కిలోమీటర్ల పైచిలుకు. పొద్దు అప్పటికే కుంకింది.

"ఎట్ల పోతవ్?"

"ముంగట పోయే బండి ఎర్ర లైటు పట్టుకొని ఎనకనే పోత. అలవాటైంది."

ఆ 'అలవాటైంది' అన్న మాట వినగానే తాళంచెవి లాక్కున్నాను. ఆటోలో బస్టాండుకు తీసుకెళ్లి ఎల్లారెడ్డి బస్సెక్కించాను. బస్సు మెట్టు మీద నిలబడి నా చేయి పట్టుకున్నాడు. "ఎవ్వలకు చెప్పనని మాటియ్యి అక్కా. నీ కాళ్లు మొక్కుత." వెనకాల ఎక్కేవాళ్లు తోస్తున్నారు. మాటిచ్చాను.

మర్నాడు పదకొండింటికి బస్సులో వచ్చి బైకు తీసుకెళ్లాడు. "పగటిపూట మంచిగనే కనవడతదక్కా" అన్నాడు. నమ్మాను. నమ్మాలనిపించింది కాబట్టి నమ్మాను అంటే సరిగ్గా ఉంటుంది. చీకట్లోనే కాదు, పట్టపగలు కూడా అతనికి ఎడమా కుడీ ఏమీ లేవని, ఎదురుగా చిన్న గుండ్రం మేర మాత్రమే లోకం ఉందని నాకు అప్పుడు తట్టలేదు. చాయ్ గ్లాసు మధ్యాహ్నం వెలుగులోనే కదా కనిపించలేదు, అది కూడా గుర్తు రాలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రోడ్డు మీద అంబులెన్స్ కూత వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది. ఎల్లారెడ్డి వైపు నుంచి వచ్చిన ప్రతి కస్టమర్‌నీ "దారిల ఏమన్న అయ్యిందా?" అని అడిగేదాన్ని. రాజేందర్ ఒకసారి "ఏందే, గిట్లున్నవ్?" అన్నాడు. మాటిచ్చాను కదా, అతనికీ చెప్పలేదు. వారంటీ కార్డుల కట్టలో పైనే ఉండేది మహేశ్ కార్డు. లావణ్య నంబరు దాని మీద నీలం సిరాతో ఉంది. రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను.

కొత్త మ్యాపింగ్ చేసిచ్చినప్పుడు మొదటి ఫంక్షన్‌కు నేను వెళ్లడం మా దుకాణం పద్ధతి. ఎక్కడైనా ఇరుక్కుంటే అక్కడే సరిచేయొచ్చు. కరెంటు పోయిన సాయంత్రం తర్వాత పన్నెండో రోజున ఎల్లారెడ్డిలో పెళ్లి బరాత్. నాలుగున్నరకల్లా బస్సు దిగి పెళ్లికొడుకు ఇంటికి చేరాను. పికప్ బండి వెనక భాగమంతా స్పీకర్లు, జనరేటరు. వాటి మధ్య బల్ల మీద మిక్సర్, ల్యాప్‌టాప్. మహేశ్ బండి మీద నిలబడి పాటలు నడిపిస్తాడు, బండి నడపడానికి యాదగిరి అనే అతని చుట్టం ఉంటాడు. అలా అని మహేశే నాకు ముందు చెప్పాడు. అది విని కాస్త నిమ్మళంగా ఉన్నాను.

యాదగిరి రాలేదు. జ్వరంతో లేవలేకపోతున్నాడని కబురొచ్చింది. పెళ్లికొడుకు మేనమామ బండి చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాడు.

"ఎంతసేపయ్యా? పొద్దు గూకుతున్నది! పెండ్లిపిల్లోల్లు హాల్ల ఎదురుచూస్తున్నరు."

మహేశ్ నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "అక్కా, పాటలు వరుసల పెట్టిన. మీరు మిక్సర్ కాడ నిలబడుండ్రి. బండి నేను నడుపుత."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. "వద్దు. నువ్వు నడుపొద్దు మహేశ్."

"ఇంక ఎలుగుంది. సీద రోడ్డు. మనిషి నడిచినట్టు నడుపుత."

"వద్దంటున్న గదా!"

"గట్టిగ అనకుండ్రి అక్కా. అందరింటున్నరు." అతని కళ్లలో ఉన్నది బతిమాలడం ఒక్కటే కాదు, భయం. నా నోటి నుంచి ఇంకో మాట వస్తే అతని పదేళ్ల పని అక్కడే, ఆ వాకిట్లోనే అయిపోతుందన్న భయం.

నేను నోరు మూసుకున్నాను. ఎవరైనా ఈ అనుభవం చదివి నన్ను తప్పు పట్టదలచుకుంటే ఇక్కడే పట్టాలి.

బండి ఎక్కి మిక్సర్ ముందు నిలబడ్డాను. పాట మొదలైంది. బండి కదిలింది. ముందు వరుసలో కుర్రాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు, పిల్లలు, అందరూ ఆడుతూ వెనక్కి చూడకుండా నడుస్తున్నారు. పడమటి దిక్కుగా పోతున్నాం. ఎదురుగా వాలిన సూర్యుడు నేరుగా బండి అద్దం మీద పడుతున్నాడు. పైనుంచి నాకు అన్నీ కనిపిస్తున్నాయి. అతనికి ఏం కనిపిస్తోందో ఊహించడానికే భయమేసింది. నా చేయి మాస్టర్ నాబ్ మీదే ఉంది, తీయలేదు. ఎందుకంటే బండి మీద అన్ని స్పీకర్లు మోగుతున్నప్పుడు డ్రైవర్‌కు అరుపులు వినిపించవు, కేబిన్ మీద కొట్టినా వినిపించదు. మైకు అందుకునేంత వ్యవధి లేకపోతే, అతనికి నేను ఏదైనా చెప్పడానికి నా దగ్గరున్నది ఆ నాబ్ ఒక్కటే.

రెండు వీధి దీపాల స్తంభాలు దాటి ఉంటాం. బండికి ఎడమ పక్కన, మోరీ కాలువకు చక్రానికి మధ్య, ఒక ముసలావిడ చిన్నపిల్ల చేయి పట్టుకుని నడుస్తోంది. పిల్ల చెప్పు ఊడింది. ముసలావిడ చేయి వదిలేసి వెనక్కి తిరిగి, ఆ చెప్పు కోసం వంగింది. సరిగ్గా ఎడమ చక్రం ముందు.

బండి ఆగలేదు. అతను చూడలేదు.

నాబ్‌ను ఒక్క తిప్పుడుతో సున్నాకు తెచ్చాను.

అంత శబ్దం ఒక్కసారిగా ఆగేసరికి వీధి అంతా గుటక మింగినట్టయింది. బ్రేకు పడింది. పాట ఆగితే డీజే కాలు ఆగుతుందని నేను లెక్క వేసుకోలేదు, అంత తీరిక లేదు. కానీ అదే జరిగింది. బల్ల మీదికి తూలి పడి లేచి కిందికి చూశాను. ముసలావిడ వంగే ఉంది. ఆమె కొంగు బండి బంపర్ మీద పడి ఉంది.

"కరెంటు పోయిందా?" "జనరేటర్ ఆగిందా?" అని జనం అరుస్తున్నారు. ముసలావిడ చెప్పు తీసుకుని, పిల్ల వీపు మీద ఒకటి వేసి, "సక్కగ నడువు" అని కసురుతూ ముందుకు పోయింది. ఏం తప్పిందో ఆమెకు తెలియదు. ఆ వీధిలో ఎవరికీ తెలియదు. మహేశ్‌కు కూడా.

అతను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైందక్కా, ల్యాప్‌టాప్ ఇరుక్కుందా?" అన్నాడు.

నేను దిగి అతని తలుపు తెరిచాను. "దిగు" అన్నాను. "నీ చక్రం ముంగట అవ్వ వంగి ఉండె. కొంగు బంపర్ మీద వడ్డది. నీకు కనవడ్డదా?"

అతను ముఖమంతా ఎడమకు తిప్పి, కిందికి దించి, వెతికాడు. అటు వెళ్తున్న ముసలావిడ వీపు, ఆమె పట్టుకున్న చిన్నపిల్ల అతని చూపు గుండ్రంలోకి ఎప్పుడొచ్చారో అతని ముఖం చూస్తేనే తెలిసింది. దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

నేను మైకు తీసుకున్నాను. "ట్రాక్టరైనా, కారైనా మంచిగ నడిపెటోల్లు ఎవరన్న ఉన్నరా? మా డ్రైవర్‌కు పానం బాగలేదు" అన్నాను. పెళ్లికొడుకు బావ వచ్చి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. మహేశ్‌ను బండి మీదికి ఎక్కించాను. ఆ వేళ్లు నాబ్‌ల మీద పడగానే వాటి దారి వాటికి దొరికింది. హాలు చేరే దాకా ఒక్కసారీ స్క్రీన్ వైపు చూడలేదు, ఒక్క పాటా తప్పలేదు. మంచి పనితనం అది. నేను ఆనందించే స్థితిలో లేను. హాలు దాకా ఎడమ చక్రం పక్కనే నడిచాను.

సామాను దించాక "ఇంటికి పోదాం పా. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అన్నాను.

"నేనే చెప్త" అన్నాడు.

లావణ్య వాకిట్లో లైటు కింద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నాలుగేళ్ల కూతురు పక్కనే దారపు ఉండతో ఆడుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది. మహేశ్ గుమ్మం దగ్గరే నిలబడి, ఎటో చూస్తూ చెప్పేశాడు.

"లావణ్యా, నాకు కండ్లు పోతున్నయి."

ఆమె చేతిలో ఆకు అలాగే ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఎప్పటిసంది?" అని అడిగింది.

"రెండేండ్లాయె."

"రెండేండ్లా?" ఆమె మనసులో వెనక్కి వెళ్తోందని, ఒక్కో రోజూ తీసి చూస్తోందని ముఖం చెబుతోంది. "బిడ్డను బండి టాంకీ మీద కూసోవెట్టుకొని లింగంపేట దాంక పోయినవ్. ఒక్కసారి గాదు, నాలుగుసార్లు. మొన్న వానకాలం నన్ను మా అమ్మోల్లింటికి దించవోయినవ్. ఆ కల్వర్టు మీదకెళ్లి. లారీ వస్తుంటే నేనే కదా 'జరుగు జరుగు' అని మొత్తుకున్న. ఇనవడలే అన్నవ్. నీకు కనవడలేదా అప్పుడు?"

మహేశ్ గుమ్మం పట్టుకుని కింద కూర్చున్నాడు.

ఆమె చాట పక్కకు నెట్టి కూతుర్ని లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అప్పుడు మొదలైంది వణుకు. ఎప్పుడో గడిచిపోయిన ప్రయాణాల భయం అంతా ఒక్కసారిగా ఆమె మీదికొచ్చింది. పిల్ల ఊపిరాడక "అమ్మా, ఇడువే" అంటున్నా వదలలేదు. కాసేపటికి నావైపు తిరిగింది.

"మీకెప్పుడు తెలిసిందక్కా?"

"పన్నెండు రోజులైంది."

"పన్నెండు రోజులు!" అంది. "రోజు బిడ్డను అంగన్‌వాడీ కాడ బండి మీదనే దించివస్తుండె. పన్నెండు రోజులు. నా నంబరు మీకాడ లేదా?"

ఉంది, అని చెప్పాను. మాటిచ్చానని చెప్పుకోవచ్చు. ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట నా నోట రాలేదు.

లావణ్య లేచి గోడకు వేలాడుతున్న బైకు తాళంచెవి, మహేశ్ జేబులోని పికప్ తాళంచెవి రెండూ తీసుకుని కొంగున ముడివేసుకుంది. "కండ్లు పోతే నేను పట్టుకొని నడిపిస్త. దాసిపెడితే ఎట్ల పట్టుకోను నిన్ను?" అంది. అప్పుడు ఏడ్చాడు మహేశ్.

ఆ తర్వాత సంగతులు క్లుప్తంగా చెబుతాను. వారంలో ఊరందరికీ తెలిసింది. కొందరు ఇచ్చిన ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. కొందరు ఇప్పటికీ అతన్నే పిలుస్తారు. యాదగిరి పూర్తిగా డ్రైవర్‌గా కుదిరాడు, అతను రాని రోజున బండి కదలదు. లావణ్య ల్యాప్‌టాప్‌లో కొత్త పాటలు ఎక్కించడం, ఫోల్డర్లు సర్దడం నేర్చుకుంది. ఏడాదికోసారి ఇద్దరూ కంటి ఆస్పత్రికి వెళ్తారు, ప్రతిసారీ ఆ గుండ్రం కాస్త చిన్నదవుతోందనే చెబుతున్నారు. లావణ్య నాతో మాట్లాడడానికి చాలాకాలం పట్టింది. మిక్సర్ సర్వీసింగ్‌కు బస్సులో వచ్చినప్పుడు మొదటి రెండుసార్లు నా చాయ్ ముట్టలేదు. నాకు కోపం రాలేదు.

కస్టమర్ అడిగింది అడిగినట్టు అమర్చిపెట్టడమే మంచి పనితనం అని పదిహేడేళ్లు అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా మామూలుగా అడగనిది అడిగితే, ఎందుకు అని అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను. రహస్యం చెప్పబోతే ముందే చెప్పేస్తాను, ఇంకొకరి ప్రాణం మీదికొచ్చేదైతే నా దగ్గర దాగదని. పట్టపగలు కదా ఏం కాదులే అని సర్దిచెప్పుకోవడం మానేశాను. ఇవి ఆ బరాత్‌లో నేర్చుకున్నవి. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి నేర్చుకోగలిగాను. అది నా గొప్ప కాదు.

భయం మాత్రం పోలేదు. పెళ్లిళ్ల కాలంలో మా దుకాణం ముందు నుంచి బరాత్‌లు పోతుంటాయి. పాట నడుస్తున్నంతసేపు నా పని నేను చేసుకుంటాను. ఒక్కోసారి నడుమ హఠాత్తుగా పాట ఆగిపోతుంది. ఏ వైరో ఊడి ఉంటుంది, జనరేటర్లో డీజిల్ అయిపోయి ఉంటుంది. నాకు తెలుసు. అయినా సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి, లేచి బయటికి వెళ్లి, ముందు ఆ బండి చక్రాల వైపు చూస్తాను.